పాలు కారే వాలు

మొన్న క్లాంగ్‌లో మా అమ్మాయి కొత్తగా తీసుకున్న ఫ్లాట్‌కి వెళ్ళాను. అల్లుడు కిటికీకి కర్టెన్ కడ్డీ బిగిస్తున్నాడు. స్టూలెక్కి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, పెదాల మధ్య రెండు మరలు ఇరికించుకుని ఉన్నాడు. అతని తల్లి అరవ మనిషి, తండ్రి మనవాడు. ఇంట్లో అంతా అరవమే. తెలుగు అర్థమవుతుంది గాని నోటికి రాదు. ఆ రోజు నన్ను సంతోషపెడదామనుకున్నాడు కాబోలు, మరలు చేతిలోకి తీసుకుని, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"అత్తా, సరిగున్నాదా?"

ఆ మాట మా అమ్మాయి దగ్గర పట్టుకుని ఉంటాడు. అమ్మాయి వాళ్ళ నాన్న దగ్గర పట్టుకుంది. చివర కాస్త సాగదీయడం కూడా అచ్చం అలాగే వచ్చింది. నేను అలవాటుగా ఒక కన్ను మూసి చూడబోయి, మొహం తిప్పుకున్నాను.

"అమ్మా, సెప్పు లా! సెయ్యి లాగేస్తంది ఆయనకి" అంది అమ్మాయి, ఇక్కడి ఊతపదం 'లా' తగిలించి.

"నువ్వే సూసుకో. నా కంట్లో ఏదో పడ్డాది" అని వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, మొహం కడుక్కున్నట్టు చాలాసేపు నిలబడ్డాను.

ఆ ప్రశ్నకి నేను పదిహేడేళ్ళు జవాబు చెప్పాను. మొదట్లో తెలియక చెప్పాను. తర్వాత తెలిసి అబద్ధం చెప్పాను. ఒక్కసారి మాత్రం నిజం చెప్పాను. ఆ నిజం విని మా ఆయన స్టూలు దిగిపోయాడు. తొమ్మిది నెలలు మళ్ళీ ఎక్కలేదు. అన్న మాటని వెనక్కి తీసుకోవడానికి దారి ఉంటుందా అని ఆ తొమ్మిది నెలలు నేను వెతుక్కున్నాను. ఇప్పుడు ఆయన లేడు. ఇంకా వెతుక్కుంటున్నట్టే ఉంది.

ఆయన పేరు నేను ఎన్నడూ పలకలేదు. పిలిస్తే 'మావా' అని, ఎవరితోనన్నా చెప్పాలంటే 'మా ఆయన' అని. ఇప్పుడు రాయబోతే కూడా చెయ్యి ఆ పేరు మీదికి పోవడం లేదు. ఆయన అంటేనే నాకు మనిషి కనిపిస్తాడు.

మేం ఈ మలాయి దేశంలోనే, సుంగై పెటాని ఊరి పక్క రబ్బరు ఎస్టేటులో పుట్టి పెరిగినవాళ్ళం. లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. పది ఇళ్ళకి ఒకే కప్పు. ఆ ఇళ్ళు కంపెనీవి. గోడకి మేకు కొట్టకూడదు. పండగకి కంపెనీ వాళ్ళే వచ్చి అందరి ఇళ్ళకీ ఒకే సున్నం కొట్టిపోతారు. మా ఆయన చిన్నప్పుడు వాళ్ళమ్మ చీర ఆరేసుకుంటానంటే గోడకి ఒక మేకు కొట్టాడట. ఎస్టేటు గుమస్తా చూసి, అది పీకించి, ఆ కన్నంలో సబ్బు ముక్క కూరించి, వాళ్ళ అయ్యని ఆఫీసు ముందు నిలబెట్టాడట. ఆయన ఈ సంగతి ఎప్పుడు చెప్పినా కోపంగా చెప్పేవాడు కాదు. "సబ్బు సువాసనొచ్చేది గోడ" అని నవ్వేవాడు.

ఎస్టేటు మూసేశాక తామాన్‌లో, అంటే ఊరి కొత్త ఇళ్ళ పేటలో, మాకో చిన్న ఇల్లు వచ్చింది. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందర బండి పెట్టుకునేంత చోటు. తాళం చేతికొచ్చిన రోజు పాలు పొంగించాం. అందరూ తినేసి వెళ్ళాక ఆయన జేబులోంచి ఒక మేకు తీశాడు. ముందు గది గోడ మధ్యలో నిలబెట్టి కొట్టాడు. ఆ చప్పుడుకి మా అమ్మాయి, అప్పటికి ఆరేళ్ళది, చెవులు మూసుకుంది.

"ఏటి తగిలిస్తావు మావా?" అన్నాను.

"ఏటీ లేదు."

"మరెందుకు కొట్టినావు?"

"కొట్టొచ్చు గదా" అన్నాడు.

కుర్చీలో కూర్చుని ఆ ఉత్త మేకు వైపే చూస్తూ టీ తాగాడు. నెల రోజులు దానికి ఏదీ తగిలించనివ్వలేదు.

అప్పట్నుంచి ఇల్లు మా చేతుల్లో పడింది. సెలవు రోజు వస్తే చాలు, ఆయన పాత నిక్కరు వేసుకునేవాడు, నేను నైటీ మీద ఆయన చొక్కా తొడుక్కునేదాన్ని. మేస్త్రీని పిలవడమన్న మాటే లేదు. "ఎవడో ఒచ్చి మన ఇంటికి సెయ్యి ఏస్తే మళ్ళా కంపెనీ ఇల్లే అవుతాది" అనేవాడు. బిస్కెట్ల డబ్బాలో ఆయన సామాను ఉండేది. ఎస్టేటులో రబ్బరు చెట్లు గీసి పాలు తీసిన కత్తిని పారేయలేదు. దానితోనే పాత రంగు గీకేవాడు, పైపులు చెక్కేవాడు. చెట్లకి కట్టే పాల కప్పులు ఓ డజను తెచ్చుకున్నాం. రంగులు కలపడానికి అవే.

కొలతకి టేపు ఉండేది గాని ఆయన దాన్ని నమ్మేవాడు కాదు. జానలు వేసేవాడు. నన్నూ వెయ్యమనేవాడు. కిటికీ ఆయన చేతికి ఆరు జానలు, నా చేతికి ఏడున్నర. "ఓలే, మద్దెలో ఏదో అంకె ఏసుకుందుము" అని చెక్క కోసేవాడు. అది పట్టకపోతే నా చెయ్యి మీదికి తోసేవాడు. "నీ సెయ్యి ఈ ఏడు సిన్నదైపోనాది" అని నా వేళ్ళు పట్టి లాగేవాడు.

సిమెంటు పూసి పక్కకి రాగానే గొంతు తగ్గించేసేవాడు. "పడుకున్నాది. లేపకండి" అనేవాడు. ఆ పూటంతా ఇంట్లో ఎవరూ గట్టిగా నడవకూడదు. పక్కింట్లో పాటలు పెట్టినా పోయి తగ్గించమని అడిగి వచ్చేవాడు. వాళ్ళు మా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుని ఒకసారి హార్లిక్స్ సీసా పట్టుకొచ్చారు. దాన్ని తిరిగి ఇవ్వలేదు ఆయన. "సిమెంటుకి బలమొస్తాది" అని తనే తాగాడు.

అన్నిట్లోకీ ముఖ్యమైన పని నాది. ఆయన స్టూలెక్కి చెక్కో పలకో గోడకి ఆనించి, వెనక్కి తిరక్కుండా అడుగుతాడు. "ఓలే, సరిగున్నాదా?" నేను గుమ్మం దగ్గర నిలబడి, ఒక కన్ను మూసి చూసి, "ఉన్నాది" అంటాను. అప్పుడు మేకు కొడతాడు. దిగి, గుమ్మం దాటి, ముందర మురుక్కాలవ మీది పలక దాకా వెనక్కి వెనక్కి నడిచి, అక్కడ్నుంచి చూసి నవ్వుతాడు. పై పెదవి మీద చెమట, చెవి మీద పెన్సిల్. ఎవరో పిలిచి బహుమతి ఇచ్చినట్టుండేది ఆ నవ్వు.

దేవుడి అలమర అలాగే పెట్టాం. దాని మీద నిమ్మకాయ పెడితే కుడి చివరకి దొర్లిపోయేది. ఎక్కడ పెట్టినా అటే. "అమ్మవారికి అటేపు ఇష్టం" అన్నాడు ఆయన. నేనూ నమ్మాను. మా అమ్మాయి చదువుకునే బల్ల మీద పెన్సిల్ నిలిచేది కాదు. ముందర చోట నేల పలకలు పరిస్తే, వాన నీళ్ళన్నీ కుడి మూలకే పోయి చేరేవి. "సూసినావా, నీళ్ళు ఎల్లడానికి దారి కూడా సేసినాను" అన్నాడు.

సామాన్ల కొట్టు తౌకే, అంటే యజమాని, చీనా ముసలాయన, ఒకసారి సిమెంటు బస్తా వేయడానికి లారీలో వచ్చాడు. గేటు దగ్గర నిలబడి మా ముందు గది వైపు చూసి తల పక్కకి వాల్చాడు.

"సెంగెట్" అన్నాడు.

మలాయిలో వంకరగా ఒరిగిన దానికి ఆ మాట. మా ఆయన వాళ్ళ లారీ వైపు చూసి, "అవును, టైరులో గాలి తగ్గినాది" అని చెప్పాడు. తౌకే ఏమీ అనకుండా బస్తా దించి వెళ్ళిపోయాడు. మా అమ్మాయి బళ్ళో చేరి పెద్దదయ్యాక అదీ అనడం మొదలుపెట్టింది. "నాయినా, అంతా సెంగెట్ లా!" ఆయన నా వైపు తిరిగేవాడు. "మీయమ్మ సరిగున్నాదన్నాది. మీయమ్మ కన్ను కంటే నీ స్కేలు గొప్పదేటే?" నేను ఆయన పక్కనే నిలబడి చూసేదాన్ని. నిజంగా నాకూ సరిగానే కనిపించేది. అమ్మాయి కళ్ళకి అద్దాలు కావాలేమో అని కూడా అనుకున్నాను.

తర్వాత నాకు బొమ్మల పెట్టెల ఫ్యాక్టరీలో, అదే, టీవీలకి లోపల పెట్టే పలకలు చేసే చోట, పని దొరికింది. చూసే పనే. దీపం కింద భూతద్దంలోంచి పచ్చ పలక మీద చిన్న చిన్న ముక్కలు వరసగా ఉన్నాయా లేదా చూడాలి. వెంట్రుకంత పక్కకి జరిగినా తీసి పక్కన పెట్టాలి. మొదటి నెలల్లో నేను బాగున్నవి తీసేసి, పక్కకి జరిగినవి పంపేసేదాన్ని. సూపర్‌వైజర్ పిల్ల, మా అమ్మాయి కంటే పదేళ్ళు పెద్దది ఉంటుందేమో, నెత్తి కొట్టుకునేది. "ఆంటీ, నీ కన్ను ఎక్కడ చేయించారు?" అనేది. మెల్లగా అలవాటైంది. రెండేళ్ళు తిరిగేసరికి మూడు పలకలు ఒకేసారి చూసి చెప్పేదాన్ని.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ ముందు గదిలో తలెత్తి చూశాను. దేవుడి అలమర ఒరిగి ఉంది. మేకుకి తగిలించిన క్యాలెండర్ చెక్క ఒరిగి ఉంది. గోడ సగానికి వేసిన రంగు గీత, కిటికీ చుట్టూ కొట్టిన చెక్క, తలుపు మీద పలక, అన్నీ ఎడమ వైపు ఎత్తుగా మొదలై కుడి వైపు దిగుతున్నాయి. రోజూ చూసే గదే. ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

అప్పుడు తెలిసింది నాకు ఆ వాలు ఎక్కడిదో. రబ్బరు చెట్టు మీద గీత ఎడమ పక్క ఎత్తున మొదలుపెట్టి కుడికి దించుతాం. అలా వాలితేనే పాలు గీత వెంట జారి కప్పులో పడతాయి. వాలు తప్పితే పాలు బెరడు మీద కారిపోతాయి, పని చూసే కంకాణి అరుస్తాడు. పదమూడో ఏట నుంచి ఆయన రోజుకి అయిదొందల చెట్లు గీశాడు. ఆయన వెనక నేనూ గీశాను. తెల్లారి లేచిన దగ్గర్నుంచి కన్ను ముందు ఉండేది ఆ గీతే. ఆయనకి సరైన గీత అంటే అది. చేతికి తెలిసిన తిన్నదనం అది. మా ఇంట్లో ప్రతీదీ పాలు కారే వైపుకి వాలి ఉంది.

నా కన్నుని ఫ్యాక్టరీ మార్చేసింది. ఆయన ఒక బడి గేటు దగ్గర కాపలా పనిలో ఉన్నాడు. ఆయన కన్నుని మార్చేవాళ్ళు ఎవరూ లేరు.

నేను చెప్పలేదు. ఏమని చెబుతాను? ఆ వారమే ఆయన స్నానాల గదిలో అలమర కొట్టాడు. "ఓలే, సరిగున్నాదా?" అన్నాడు. కుడి వైపు రెండు వేళ్ళు దిగి ఉంది. "ఉన్నాది మావా" అన్నాను. దిగి, వెనక్కి నడిచి, నవ్వాడు. అలా ఏడెనిమిదేళ్ళు.

ఊరికే ఉండలేక మధ్యలో కొన్ని దొంగ పనులు చేశాను. గోడ మీద గీత కొట్టడానికి దారం పట్టినప్పుడు ఎడమ కొస నాది, కుడి కొస ఆయనది. ఆయన సుద్ద పూయడానికి తల తిప్పగానే నా కొస ఒక వేలు కిందికి దించేదాన్ని.

"ఏటే, నీ పక్క దిగిపోనాది. ఎత్తు."

"ఇక్కడే ఉన్నాది గదా."

"లేదే, దిగిపోనాది. నిద్రొస్తందేటి? ఇంకా ఎత్తు. ఊఁ, ఇంకా. అద్దీ!"

ఎత్తించి ఎత్తించి, తన వాలు దగ్గరికి వచ్చాకే ఊరుకునేవాడు. అంత సూటిగా ఉండేది ఆయన కన్ను. ఒక్క గింజంత తేడా పట్టేసేది. తేడా ఎటు వైపు ఉందన్నదే మాకు కలవలేదు.

వంటింటి గట్టు కూడా ఆయన కట్టిందే. ఇటుక పేర్చి, పైన సిమెంటు పోసి. అదీ కుడికి వాలింది. ఆ చివర నీళ్ళ తొట్టి ఉంది గనక అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం పొయ్యి కుడి కాళ్ళ కింద అట్ట మడిచి పెట్టుకుని దోసెలు పోసేదాన్ని, లేకపోతే పిండి ఒక పక్కకి పాకేది. ఆ గట్టు మీది గోడకి టైల్సు వేయాలని నాకు ఎన్నాళ్ళ కోరికో. తెల్లవి, మూలన చిన్న నీలం పువ్వు ఉన్నవి, నేనే ఏరుకున్నాను. మా అమ్మాయి అప్పటికి చదువు ముగించి క్లాంగ్‌లో ఉద్యోగానికి పోయింది. ఇంట్లో మేమిద్దరమే. టైల్సు పెట్టెలు తెచ్చిన రోజు ఆయన ఒక పలక ఒళ్ళో పెట్టుకుని, నీలం పువ్వు మీద బొటనవేలితో రుద్దుతూ, "దీని ముందు నిలబడి వొండుతావు గదా, నీకు మొహం మొత్తిపోద్ది సూసి సూసి" అన్నాడు.

నేను ఆ నిజం చెప్పిన రోజు పన్నెండు గంటల షిఫ్టు. మూడు ఒరిగిన పలకలు నా చేతి మీదుగా దాటిపోయాయని అందరి ముందూ నిలబెట్టారు. కన్ను పోయిందా ఆంటీ, ఇంటికి పోతావా అన్నారు. ఇంటికి వచ్చేసరికి ఆయన వంటింట్లో స్టూలు మీద ఉన్నాడు. గట్టు మీంచి మూడు వరసలు వేసేశాడు. గట్టు వాలితో పాటు వరసలూ వాలిపోయాయి. నా బరువు సంచి ఇంకా భుజానే ఉంది.

"ఓలే, ఒచ్చినావా! సూడు, సరిగున్నాదా?"

"లేదు" అన్నాను.

ఆయన నవ్వాడు. "సంచి దింపి సూడే."

"సూసినాను. ఒంకరగా ఉన్నాది. అంతా ఒంకరే. ముందు గదిలో కూడా ఒంకరే. మొదట్నుంచీ ఒంకరే."

ఆయన వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్ళలో పని మధ్యలో ఆయన వెనక్కి తిరగడం అదే మొదలు.

"మొదట్నుంచీనా?"

నేను సంచి దింపి గుమ్మానికి ఆనించాను.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఫ్యాక్టరీకి ఎల్లిన కాణ్ణుంచి."

ఆయన లెక్క వేసుకున్నట్టున్నాడు. పెదాలు కొంచెం కదిలాయి. "మరైతే ఉన్నాదని ఎందుకన్నావే?" అన్నాడు, చాలా మెల్లగా, సిమెంటు పడుకున్నప్పుడు మాట్లాడే గొంతుతో.

ఆయన దిగాడు. తాపీ కడిగాడు. గుడ్డతో తుడిచి ఆరబెట్టి, డబ్బాలో పెట్టి మూత వేశాడు. కలిపిన సిమెంటు బక్కెట్లోనే గట్టిపడిపోయింది. మర్నాడు నేనే దాన్ని బయట పెట్టాను.

కోప్పడలేదు. అదే కష్టం. అన్నం తిన్నాడు, నాతో మాట్లాడాడు, మార్కెట్టుకి తీసుకెళ్ళాడు, నా మోకాలికి నూనె రాశాడు. గోడల వైపు మాత్రం చూడలేదు. ముందు గదిలో కూర్చుంటే నేల వైపు చూసేవాడు, టీవీ వైపు చూసేవాడు. వెనక తలుపు బందు ఊడితే దాన్ని ఎత్తి మూయడం నేర్చుకున్నాడు గాని మర బిగించలేదు. ఇంటికి ఎవరన్నా వస్తే, "అదంతా ఒంకరలెండి, సూడకండి" అని ముందే చెప్పేవాడు. మేకు కొట్టి దాని వైపు చూసుకుంటూ టీ తాగిన మనిషి, తన ఇంట్లో తను మళ్ళీ కంపెనీ ఇంట్లో ఉన్నట్టు ఉంటున్నాడు. అలా చేసింది నేను.

నేను చెయ్యనిది లేదు. కొట్టు నుంచి రంగుల అట్ట తెచ్చి బల్ల మీద పెట్టాను. దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. "మావా, ఈ గులాబీ రంగు బాగుంటాదేటి?" అంటే, "నీ కంటికి బాగుంటే బాగున్నట్టే" అన్నాడు. ఒకరోజు తెగించి, మేస్త్రీని పిలుస్తానన్నాను. మండిపడతాడనుకున్నాను, మండిపడితే బాగుండనుకున్నాను.

"పిలువు" అన్నాడు.

నేను పిలవలేదు. మూడు వరసల పైన గోడ బూడిద రంగులో అలాగే ఉండిపోయింది. నూనె తుంపర్లు పీల్చుకుని నల్లబడింది. రోజూ దాని ముందు నిలబడి వండేదాన్ని. ఆయన అన్నట్టే మొహం మొత్తింది.

తొమ్మిది నెలలయ్యాక, పొద్దుటి షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. గేటు దగ్గరే సిమెంటు తడి వాసన వచ్చింది. చెప్పులు విప్పకుండా లోపలికి పోయాను. ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. నిక్కరు, చెవి మీద పెన్సిల్. పక్కన పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం, లోపల కనిపించే రకం, దాని నిండా పసుపు నీళ్ళు. రెండు కొసల్లో నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ గోడ మీద గుర్తు. అలా చూసుకుంటే రెండు చివర్లూ సమానమట. తౌకే దగ్గరికి వారం రోజులు పోయి నేర్చుకున్నాడట. మామూలు నీళ్ళు కనబడడం లేదని నా పసుపు డబ్బాలోంచి రెండు చెంచాలు వేసుకున్నాడు.

గోడ పైదాకా నిండిపోయింది. కింద మూడు వరసలు ఎలా ఉన్నవి అలాగే వాలి ఉన్నాయి. వాటిని పీకలేదు. పైన అయిదు వరసలు, ఫ్యాక్టరీ భూతద్దం కింద పెట్టినా తప్పు పట్టలేనంత తిన్నగా ఉన్నాయి. వాలిన వరసకీ తిన్నని వరసకీ మధ్య సందు ఒకటి పడింది కదా, ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ వెడల్పయ్యే సందు. దాన్ని ముక్కలతో నింపాడు. ఒక్కో టైల్‌ని ఏటవాలుగా కోసి, ముందుదానికంటే తర్వాతది కాస్త పెద్దది, దానికంటే ఆ తర్వాతది ఇంకాస్త పెద్దది. పదిహేడు ముక్కలు. నేను లెక్కపెట్టాను. ఆయన వేళ్ళ నిండా కోతలు.

సరిగున్నాదా అని ఆయన అడగలేదు. తనే చెప్పాడు.

"కింద నా కంటికి. పైన నీ కంటికి ఏసినాను."

"ఇప్పుడు నీకు తిన్నగా కనబడతందా?" అన్నాను.

"లేదే" అన్నాడు. "నాకైతే పైదే ఒంకర. ఎడమ పక్కకి పడిపోతన్నట్టు ఉన్నాది. గొట్టం సెప్పినాది గదా అని ఏసినాను. అయిదు వరసలూ అదరతా ఏసినాను, పడిపోద్దేమో అని."

నాకు అప్పుడు ఏడుపు ఆగలేదు. ఆ స్టూలు మీదే కూలబడ్డాను. తొమ్మిది నెలల కిందట ఆయన అడిగినదానికి జవాబు అప్పుడు వచ్చింది నోటికి. "నువ్వు దిగి ఎనక్కెల్లి సూసి నవ్వుతావు మావా. ఆ నవ్వు సూద్దారని ఉన్నాదనేదాన్ని."

ఆయన తల గోక్కున్నాడు. సిమెంటు జుట్టుకి అంటుకుంది. "ఏడెనిమిదేళ్ళా! మరి మంచి నవ్వేనేటే నాది?" అన్నాడు.

దాని తర్వాత రెండేళ్ళు దక్కాయి మాకు. ముందు గది అంతా పీకి తిన్నగా చేస్తానని ఆయన, ముట్టుకుంటే ఊరుకోనని నేను. "ఫ్యాక్టరీ కంటికి నచ్చాల గదా" అనేవాడు. "ఫ్యాక్టరీ ఇక్కడ కాపరం సెయ్యదు" అనేదాన్ని. ఈ తగువు తెగకుండానే, జ్వరమని ఆసుపత్రికి పోయి, అయిదో రోజున వెళ్ళిపోయాడు. ముందు గది ఆయన పెట్టినట్టే ఉంది.

క్లాంగ్ నుంచి తిరిగొచ్చిన మర్నాడు వంట చేస్తూ ఆ గోడని తడిమాను. రోజూ తుడుస్తాను గాని వేలితో చదివినట్టు తడమడం చాలా రోజులైంది. కుడి చివర, నీళ్ళ తొట్టి మీద, ఆ ముక్క నాలుగు వేళ్ళ వెడల్పు. అక్కడ ఆయన గీత ఒక చోట ఉంది, నా గీత ఒక చోట ఉంది. ఎడమకి పోతుంటే సన్నబడుతుంది. మూడు వేళ్ళు, రెండు, ఒకటి. చివరి ముక్క గోరంత. దాని అవతల, గోడ మూలన, ముక్క లేదు. ఆయన గీతా నా గీతా ఒక్కటే గీత.

నా పొయ్యి ఇన్నేళ్ళూ గట్టు మధ్యలో ఉండేది. దాన్ని ఎడమ మూలకి జరిపించాను. గ్యాసు గొట్టం చాలకపోతే పొడుగుది వేయించాను. వారం చివర వచ్చిన అల్లుడు చూసి, మూలకి ఇరుకు కదా అత్తా, ఎందుకు మార్చావని అరవంలో అడిగాడు.

"ఇక్కడ మంట సరిగా నిలబడతాది" అని చెప్పాను.